పనిముట్ల పండగనాడు నేను చేసిన పని

లూకన్,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

రమణ నమస్కారాలు. నేను బాగున్నాను, జలుబు తగ్గింది. నువ్వు, బావ, హరిత, మీ అత్తగారు అందరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఆమె మోకాలి నొప్పికి ఒంగోలు తీసుకెళ్తామన్నారు, వెళ్లారా? డాక్టరు ఏమన్నాడో రాయి.

ఫోన్ చేస్తే నీ వెనక ఏదో ఒక మోటారు మోగుతూనే ఉంటుంది, నువ్వు సగం విని సరే సరే అంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ఇక్కడ పదిహేను రోజులుగా వాన. మన దగ్గరలా కురిసి వెలిసేది కాదు, సన్నగా మొదలై అలాగే ఉంటుంది. మందపాటి కోటు కొన్నాను. రెండు పూటలా అన్నం వండుకుంటున్నాను, దిగులు పెట్టుకోవద్దు. ఇల్లుగలావిడ ఎస్తేరు ఆంటీ తెనాలి మనిషి, ఆస్పత్రిలో నర్సు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాకూ ఒక గిన్నెలో కూర పెడుతుంది. సాయంత్రాలు మాత్రం కొంచెం కష్టం. పెందలాడే చీకటి పడుతుంది, మాట్లాడేవాళ్లుండరు. అలవాటవుతుందిలే.

పని సంగతి చెప్పాలి. చదువయ్యాక నేను చేరింది చెక్క కిటికీలు చేసే చిన్న వర్క్‌షాపు. ముగ్గురమే. యజమాని డెక్లన్. అరవై దాటిన వడ్రంగి పాట్. చెక్క కోసే మెషీను నేను చూస్తాను. నన్ను ఉంచుకునేదీ లేనిదీ నెలాఖరుకి చెబుతానన్నాడు డెక్లన్. ఉంచుకుంటే వర్క్ పర్మిట్‌కి కాగితాలు పెడతాడు. లేకపోతే వీసా గడువు అయిపోయేలోగా ఇంకో చోటు చూసుకోవాలి, దొరక్కపోతే తిరిగి రావాలి. ఇది నీకు ఫోన్‌లో చెప్పలేదు.

మెషీను పాతది. ల్యాప్‌టాప్ నుంచి ఆజ్ఞలు తీసుకుంటుంది కానీ దాని కేబులు పెట్టే చోటు ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి లేదు. అందుకని ల్యాప్‌టాప్ పక్కనున్న గాడిలోకి అగ్గిపెట్టె కన్నా పల్చటి కార్డు ఒకటి తోసి, దానికి కేబులు తగిలించారు. ల్యాప్‌టాప్‌ని నడిపే మూల ప్రోగ్రాంని కెర్నల్ అంటారు. అది ఆ కార్డుతో మాట్లాడాలంటే మధ్యలో డ్రైవర్ అని చిన్న ప్రోగ్రాం ఉండాలి. మోటారుకీ కరెంటుకీ మధ్య స్టార్టరు ఉన్నట్టు.

మహానవమి బుధవారం వచ్చింది. ఆ రోజు మెషీనుకి కోతపని లేదు. నేను అందరికన్నా ముందు వెళ్లి, మన మోటారు వైండింగ్ షాపులో చేసినట్టే మెషీనంతా తుడిచి, పట్టాలకి నూనె పెట్టి, బల్ల అడుగున ఎవరికీ కనపడని చోట కుంకుమ బొట్టు పెట్టాను. ల్యాప్‌టాప్ కూడా తుడిచాను. అంతటితో ఆపవలసింది. తెర మీద ఎప్పటినుంచో అప్‌డేట్లు పెండింగ్ అని చూపిస్తోంది. పండగపూట దుమ్ము బయట ఒక్కటే దులిపితే ఎట్లా అనిపించింది. అప్‌డేట్ నొక్కాను. కొత్త కెర్నల్ వచ్చింది. పాతది చెత్త కదా అని అదీ తీసేశాను.

కొత్త వైండింగ్ లోడు మీద నడిచేదాకా పాత రాగి తూకానికి వేయొద్దని నువ్వు ఎన్నిసార్లు చెప్పావు. సరిగ్గా అదే చేశాను.

గురువారం పొద్దున మెషీను కదల్లేదు. కార్డు ఉన్న ఆనవాలే ల్యాప్‌టాప్ చూపించలేదు. డెక్లన్ చూసి, "మంగళవారం పాట్ ఇక్కడే టీ ఒలికించాడు. కార్డులోకి పోయుంటుంది" అన్నాడు. పాట్ కాదనలేదు. "నాదే తప్పయ్యుంటుంది" అన్నాడు. నాకు తెలుసు కాదని. నోరు తెరవలేదు. నెలాఖరు గుర్తొచ్చింది.

ఆ రోజంతా కిటికీ చట్రాలు చేత్తోనే కోశాం. శుక్రవారం కూడా పాట్ టీ కప్పు పట్టుకుని బయటికి పోయి, చూరు కింద వానజల్లులో నిలబడి తాగుతున్నాడు. "లోపలికి రా" అన్నాను. "వద్దులే అబ్బాయ్, ఇంకేమైనా పాడుచేస్తాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను తిన్నగా డెక్లన్ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను.

ఆయన చేతిలోని కొలత టేపు బల్ల మీద పెట్టాడు.

"పండగ అని చేశావా?"

"అవును. పనిముట్ల పండగ."

"మెషీన్లకి కూడా పండగుంటుందా?"

"ఆ రోజు వాటికి సెలవు."

"మనకి లేని సెలవు వాటికిచ్చారన్నమాట" అన్నాడు. తర్వాత, "నిన్ననే చెప్పాల్సింది" అన్నాడు. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది. సోమవారానికి మెషీను నడవాలన్నాడు. ఒక ఇంటివాళ్లు కిటికీల కోసం ఎదురుచూస్తున్నారు.

శనివారం పాట్ వచ్చి తలుపు తీశాడు. విషయం అతనికీ చెప్పాను. "రెండు రోజులు తడిపావు గదరా" అని ఊరుకున్నాడు.

ముందు కార్డు తీసి తుడిచి పెట్టాను, లాభం లేదు. తర్వాత లోపలి జాబితా చూస్తే కార్డు పేరు అందులో ఉంది. అంటే కార్డు కాలిపోలేదు. మీటరు పెడితే కాయిల్ బాగానే ఉండి స్టార్టరు పట్టనట్టు. పాత కెర్నల్‌కి తయారుచేసిన డ్రైవర్ కొత్తదానికి పనికిరాదు, మళ్లీ తయారుచేయాలి. దాన్ని తయారుచేసే మూల కోడ్ ఒక ఫోల్డర్‌లో దొరికింది. తయారుచేయబోతే తప్పు అని ఆగింది. కొత్త కెర్నల్‌లో ఒక పద్ధతి మారిందట. ఇదే కార్డుతో ఇదే ఇబ్బంది పడిన ఎవరో ఇంటర్నెట్‌లో రెండు ముక్కలు రాసిపెట్టారు. అది చూసి ఒక వరుస మార్చాను. ఇంకో చోట ఆగింది. అదీ మార్చాను. మూడోసారి తయారైంది.

పాట్ మెషీను స్విచ్ వేశాడు. నేను ఒక చిన్న చదరం పంపాను. కత్తి మెల్లగా జరిగి దాని మూలకి పోయి నిలబడి, కోత మొదలుపెట్టింది. పాట్ "గ్రాండ్" అన్నాడు, బాగుందని. ఇక్కడ వాన పడ్డా గ్రాండే, పెళ్లయినా గ్రాండే. కానీ అతను ఆ కోసిన ముక్క తీసుకుని అంచులు వేలితో చూసి జేబులో వేసుకున్నాడు.

ఇకమీదట కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్ దానంతటదే మళ్లీ తయారయ్యేలా పెట్టాను. పాత కెర్నల్‌ని తీసేయకుండా పక్కన ఉంచేలా కూడా పెట్టాను. ఏం చేశానో వరుసగా నోటుబుక్కులో రాసి మెషీను దగ్గర ఉంచాను, నేను లేకపోయినా పాట్ చూసి చేసుకోగలడు.

సోమవారం కిటికీల కోత అయింది. టీ వేళప్పుడు డెక్లన్, "ఇంకేం పండగలున్నాయి మీకు?" అని అడిగాడు.

"దీపావళి ఉంది."

"అప్పుడేం చేస్తారు?"

"దీపాలు పెడతాం. టపాసులు కాలుస్తాం."

నేల మీది చెక్కపొట్టు వైపు చూశాడు. పాట్ అందుకుని, "ఆ రోజు వీణ్ణి షాపులోకి రానివ్వకు" అన్నాడు.

నెలాఖరు దాకా ఆగుతాడనుకున్నాను. మొన్న శుక్రవారమే పిలిచి పర్మిట్ కాగితాలు ముందు పెట్టాడు. సంతకం పెట్టాను. "పాడు చేసేవాళ్లు చాలామంది దొరుకుతారు, వచ్చి చెప్పి బాగుచేసేవాళ్లే దొరకరు" అన్నాడు. ప్రభుత్వం ఎన్నాళ్లకి తేలుస్తుందో తెలియదు, కాదనవచ్చు కూడా. అయినా వస్తుందనే అనుకుంటున్నాను. నువ్వూ అలాగే అనుకో.

ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడి, కాస్త ఎండుమిరపకాయలు పంపు. ఎక్కువ వద్దు. బావని ఎండవేళ కరెంటు స్తంభాల మీదికి ఎక్కవద్దని చెప్పు. మీ అత్తగారికి నా దండాలు. హరిత లెక్కల్లో వెనకబడితే తిట్టవద్దు, ఆదివారాలు నేను ఫోన్‌లో చెబుతాను. నీ దీవెన నా మీద ఉండనీ.

రేపు డెక్లన్ కొలతలకి ఇంకో ఊరు పోతున్నాడు. తాళంచెవి నాకిచ్చాడు. ఏడున్నరకి నేనే తెరవాలి, అందుకని ఈ రాత్రి పెందలాడే పడుకుంటాను.

నీ తమ్ముడు,
రమణ