అధ్యక్షుడి బిళ్ళ

కోరమండల్,
బుధవారం

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి తాయమ్మకు దీవించి రాయునది. నేనూ పిల్లలూ కులాసాగానే ఉన్నాం. కురుడుమలెలో మీ అమ్మకు జ్వరం తగ్గిందని చదివి మనసు కుదుటపడింది.

రాగిముద్ద ఎవరు కెలుకుతున్నారని అడిగావు. నేనే. నిన్న ఉండలు కట్టింది. మన పెద్దపిల్ల రెండు ముద్దలు మింగి, "ఇంగ చాలు నాయనా, అమ్మ ఎప్పుడొస్తాది?" అంది.

మీ అన్న ఎలా ఉన్నాడన్న నీ రెండో ప్రశ్నకే కలం కదలడం లేదు. పాపన్న మన ఇంటికి రావడం మానేశాడు. కమిటీ అతన్ని కార్యదర్శి పదవి నుంచి తీసేసింది.

నేను గని యూనియన్ అధ్యక్షుణ్ణి కాగానే, బయట ఉంటే గొడవ చేస్తారని ముగ్గురు కోపిష్టులను కమిటీలోకి తీసుకున్నాను. నీకు నచ్చలేదు, నేను వినలేదు. సమ్మె నోటీసు ఇచ్చిన వారంలో మీ అన్న మేనేజరు బంగళాలోకి వెళ్ళడం వాళ్ళలో ఒకడైన జయరాం చూశాడు. "అమ్ముడుపోయినాడు, తీసేయాల్సిందే" అని పట్టుబట్టాడు.

కమిటీలో ఓటంటే, గనిలోకి దిగేటప్పుడు చూపించే నంబరున్న ఇత్తడి బిళ్ళను బల్ల మీద పెట్టడమే కదా. తీసేయడానికి కుడివైపు మూడు పడ్డాయి, ఉంచడానికి ఎడమవైపు రెండు. మిగిలింది మీ అన్నది. అతను ఎడమవైపు పెడితే సమానమవుతుంది, అప్పుడు అధ్యక్షుడి బిళ్ళతో నేను తేల్చాలి. మీ అన్న నా ముఖంలోకి చూసి, తన బిళ్ళ కుడివైపే పెట్టాడు.

"నీకెందుకప్పా ఆ కష్టం" అన్నాడు.

తాయమ్మా, అతన్ని బంగళాకు పంపింది నేనే. సమ్మె లేకుండా రాజీ కుదురుతుందేమో చూడమన్నాను, ఎవరికీ చెప్పొద్దన్నాను. నిజం చెబితే యూనియన్ చీలిపోతుందని నోరు మూసుకున్నాననుకున్నాను. అది అబద్ధం. కుర్చీ పోతుందని భయపడ్డాను. నిన్న గని దగ్గర జనమంతా అతనికి దూరంగా నిలబడ్డారు. నేనూ వాళ్ళతోనే నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆదివారం కార్మికులందరి సభ ఉంది. అక్కడ చెప్పాలనుకుంటున్నాను, కానీ నా మీద నాకే నమ్మకం లేదు. ఈ ఉత్తరం దాచిపెట్టు. ఆ రోజు నేను నోరు విప్పలేదని తెలిస్తే, దీన్ని మీ అన్న చేతికివ్వు. గని గేటు దగ్గర నిలబడి అందరికీ వినిపించేలా చదవమను. నా రాత కాదని ఎవరూ అనకుండా, ఓటు రోజు నేను బల్ల మీద పెట్టని బిళ్ళ నంబరు కూడా కింద వేస్తున్నాను.

ఇట్లు,
నీ పెనిమిటి
నంజుండప్ప
బిళ్ళ నంబరు 1163