ప్రిస్కిల్లా కోసం ప్రార్థన

పాస్టరమ్మ గారికి,

ఆసుపత్రి మానసిక వార్డు నుంచి ప్రిస్కిల్లా తల్లి వందనాలు. ఫోనులో చెబితే ఏడుపొస్తుందని, మార్కాపురం వస్తున్న మా ఆయన చేతికి రాసిస్తున్నాను.

పాప ఇప్పుడు అన్నం తింటోంది. పద్నాలుగేళ్ల పిల్లకు చెడ్డపేరు రాకూడదని మీరు ఆరాధనలో టైఫాయిడ్ అని చెప్పి, సంఘమంతటితో ప్రార్థన చేయించారట. అది మీ ప్రేమే. కానీ పాపకు తెలిసి, "నాకుండే జబ్బు అది కాదు గదమ్మా. మరి నా జబ్బుకు ఎవురూ ప్రార్థన చేయలేదా?" అనింది. ఇక్కడికి వచ్చాక తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే.

ఈ ఆదివారం దాని మనసుకు జబ్బు చేసిందని, పేరుతో సహా చెప్పండి. మా ఆయన వద్దంటారేమో, అయినా చెప్పండి. అప్పుడు నాకు ఫోను కలిపి, మీ ఫోను మైకు దగ్గర పెట్టండి. పాప వింటానంటోంది.