నాలుగో మూల

బొబ్బిలి,
కార్తీక బహుళ ద్వాదశి.

చిరంజీవి సౌభాగ్యవతి గౌరికి పెద్దక్క నారాయణమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ బావా దేవుడి చల్లని చూపు వల్ల బాగానే ఉన్నాం. జగదల్‌పూర్‌లో మీ ఇల్లంతా, ముఖ్యంగా దీపికా, దాని కడుపులో ఉన్న బుజ్జాయీ బాగుండాలని తెల్లవారగానే తులసి కోట దగ్గర దీపం పెట్టి మొదట ఆ మాటే అడుగుతున్నాను. మిగతా కోరికలు దాని తర్వాతే.

నీ ఉత్తరం అందింది. ఫోను ఉండగా అక్కాచెల్లెళ్ళకి ఈ ఉత్తరాలేమిటని మీ బావ నవ్వుతారు. ఫోనులో మనం కూరలూ, వానలూ, ఎవరికి జలుబు చేసిందీ, ఇవే మాట్లాడుకుంటాం. మనసులో మాట కాగితం మీద పెట్టడమే మనకి అలవాటు. ఈసారి నా అక్షరాలు లావుగా, గీత దాటి ఉంటే ఏమీ అనుకోకు.

అడిగినవాటికి ముందు జవాబులు. మీ బావ మోకాలు పరవాలేదు. కొట్లో ఎత్తు పీట వేయించుకున్నారు, వంగడం తగ్గింది. ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే వీధిలో పొగమంచు, ఎదురింటి అరుగు కనబడదు. చేలు కోతకొచ్చాయి కాబట్టి పల్లెలవాళ్ళు సాయంత్రం దాకా బజారుకి రారు. మీ బావ ఈగలు తోలుకుంటున్నారు. ఉపవాసాలు మానమన్నావు. సోమవారాలు మాత్రం ఉంటున్నాను, పాలు తాగుతున్నాను. బెంగ పెట్టుకోకు.

కుట్టు ఎంతవరకు వచ్చిందని అడిగావు. నువ్వు పంపిన కొలతకి దీపికకి వదులు నైటీలు అయ్యాయి. ఒకదాని చేతి దగ్గర కుట్టు వంకరపోయింది. మిషను పాతదైపోయిందని మీ బావతో అన్నాను. దిండు గలీబులు కూడా కుట్టాను, ఆవాలు పోసి చిన్న దిండు చేశాను, బిడ్డ తలకి. ఇక బొంత.

బొంత నేను చేత్తోనే కుట్టాను. పురిటి గదిలో బిడ్డకి కొత్త బట్ట తాకించరు కదా. ఇంట్లో పెద్దవాళ్ళు కట్టి విడిచిన చీరల మెత్తదనమే ముందు ఒంటికి తగలాలి. చీరల్ని రేవులో జాడించి, నీడలో ఆరబెట్టి, సావిట్లో చాప మీద పరిచాను. కింద నా నీలం చీర. పైన నీ పెళ్ళికి ముందు నువ్వు ఇక్కడ కట్టుకునే మామిడి పిందెల చీర. గుర్తుందా, దాని కొంగుతో జామకాయలు తుడుచుకు తిని అమ్మ చేత తిట్లు తినేదానివి. మధ్యలో ఇంకో పాత చీర.

పక్కింటి కూర్మమ్మ మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటుంది. ఆవిడ నాకంటే పెద్దది, ఊరి కబుర్లన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి. సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం ఆవిడ వంతు. "కుట్టీది నువ్వు, ఎక్కించీది నేను. బిడ్డ పేరులో సగం నాది ఎట్టాల మరి" అంటుంది. మగపిల్లాడైతే కూర్మయ్య అని పెట్టమంటోంది. దీపిక వింటే నొప్పులు ముందే వస్తాయి.

మన ఇంటి పద్ధతి నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. బొంత మూడు మూలలు ఎవరు కుట్టినా నాలుగో మూల బిడ్డ అమ్మమ్మ కుట్టాలి. దీపిక బొంతకి అమ్మ కుట్టింది. ఆ మూల మూసేదాకా బొంతకి ప్రాణం రాదనేది. ఇప్పుడది నీ వంతు. నీకు సూదంటే చిన్నప్పటినుంచీ పడదు. అయినా తప్పదు.

ఈ కార్తీకంలో నాకొక సంగతి జరిగింది. అది కూడా రాయాలి. నెల మొదట్లో ఒక రోజు దీపం పెట్టి కళ్ళు తెరిచేసరికి జ్యోతి చుట్టూ వెలుగు వలయం కనబడింది. లేత రంగులు కలిసిన సన్నటి చక్రం. మర్నాడూ కనబడింది. గుళ్ళో ఆకాశదీపానికీ అలాగే. ఇన్నేళ్ళుగా పెడుతున్న దీపం ఇప్పటికి పలికిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే పోతుందేమోనని భయం. వంటింట్లో పని చేసుకుంటున్నా నాలో నేనే సంతోషంగా ఉండేదాన్ని. మీ బావ "ఏటి, నీలో నువ్వే నవ్వుకుంతన్నావు?" అని అడిగితే ఏమీ లేదన్నాను.

ఇప్పుడు అమ్మ పసుపు చీర సంగతి. నువ్వు అడిగినవాటిలో మొదటిది అదే. నేను అన్నిటికంటే వెనక్కి నెట్టాను.

అమ్మ పోయినప్పుడు కొండ ఘాట్‌లో బండలు జారి మీ కిరండోల్ రైలు ఆగిపోయింది. నువ్వు రోడ్డు దారి పట్టి చేరేసరికి ఇక్కడ అన్నీ అయిపోయాయి. ఖాళీ మంచం దగ్గర నువ్వు నిలబడ్డ తీరు నాకు ఇంకా కళ్ళలో ఉంది. అమ్మ నగలు వద్దన్నావు, గిన్నెలు వద్దన్నావు. నీ సీమంతానికి అమ్మ కట్టుకున్న పొందూరు పసుపు చీర మాత్రం అక్క దగ్గర ఉంచండి, నాకు కావలసినప్పుడు అడుగుతానన్నావు. ఇప్పుడు అడిగావు. మార్గశిరంలో దీపిక సీమంతానికి అది కట్టుకుని కూతురికి గాజులు తొడుగుతానని రాశావు. "అమ్మ నా పక్కన నిలబడినట్టుంటుంది" అని రాశావు. ఆ వాక్యం మీ బావ చేత మళ్ళీ చదివించుకున్నాను.

గౌరీ, ఆ చీర ఇప్పుడు చీరగా లేదు. బొంత మధ్యలో ఉంది.

నాన్న పొందూరు నుంచి ఒకే రోజు రెండు చీరలు తెచ్చారు. అమ్మకి పసుపుది, నాకు తెల్లది. నేత ఒకటే, ఎర్ర అంచు ఒకటే. చేత్తో తడిమితే ఏది ఎవరిదో తెలియదు. రంగొక్కటే తేడా. రెండూ ఒకే పెట్టెలో ఉంచాను. బొంత మధ్యకి నా తెల్ల చీర వేద్దామనుకుని తీశాను. నా చీరే కదా అని దండమైనా పెట్టకుండా నిలువునా చింపాను. పరిచాను. పైన నీ చీర కప్పాను. రోజుల తరబడి కుట్టాను.

నీ ఉత్తరం వచ్చాక పెట్టెలో మిగిలినది తీసి పెరట్లో తీగ మీద ఆరేశాను. కూర్మమ్మ వచ్చింది. అమ్మ పసుపు చీర, చెల్లికి పంపాలి, కలరా ఉండల వాసన పోవాలని ఎండలో వేశానన్నాను. ఆవిడ చీరని చూసింది. నన్ను చూసింది.

"పసుపేటమ్మా? తెల్ల సీర గదా ఇది."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా దగ్గరికొచ్చి మొహంలోకి చూసి అడిగింది.

"దీపం సుట్టూ సక్రం లాగ అవుపిస్తన్నాదా నీకు?"

నేను ఎవరికీ చెప్పని మాట అది. ఆవిడకి ఎలా తెలిసిందో అర్థం కాలేదు. "నాకూ అలాగే అవుపించినాది. శుక్లాలమ్మా. ఆపరేషను సేసినాక పోనాది" అంది.

ఆవిడ చేతే బొంత పక్కన ఒక వరస కుట్టు విప్పించి లోపల చూడమన్నాను. చూసి కుట్టు మళ్ళీ దగ్గరికి నొక్కింది. అడిగితే పసుపేనంది. నేను పసుపుని తెలుపనుకున్నాను, తెలుపుని పసుపనుకున్నాను. మొత్తం విప్పుదామంటే బట్ట అరిగిపోయి ఉంది, దారం లాగిన చోటల్లా పిగులుతోంది. విప్పినా చింపిన చీర అతుక్కోదు.

నేను అలా కూర్చుండిపోయేసరికి కూర్మమ్మకి జాలేసింది. నా మంచికే ఒక ఉపాయం చెప్పింది. "నేతదే, అంచదే. ఆ తెల్ల సీర పసుపు నీల్లల్ల ముంచెయ్యి. ఎవలికి తెలుస్తాది? గౌరి మనసు సల్లగుంటాది."

నీ దగ్గర దాచను. నీళ్ళు కాచాను. పసుపు కలిపాను. చీర చేతిలో పట్టుకుని గుండిగ ముందు నిలబడ్డాను. నిజంగానే నీకు తెలియదు. నువ్వు కట్టుకుంటావు. కొంగు మొహానికి అద్దుకుని అమ్మా అంటావు. అప్పుడు పలకాల్సింది ఎవరు? నేనా? ఆ నీళ్ళు తులసి మొదట్లో పోసేశాను. కూర్మమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మీ బావకి అన్నీ చెప్పాను. వలయం సంగతి కూడా. ఆయన "కళ్ళు కనబడకపోతే నాతో సెప్పాల గాని, దేవుడు దిగొచ్చాడని దాసుకుంతావేటి?" అన్నారు. తిట్టినట్టే అన్నారు గానీ గొంతు అలా లేదు. మర్నాడే కొట్టు మూసి విజయనగరం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. పోలి పాడ్యమి దీపాలు ఏట్లో వదిలి వచ్చిన వారంలో మొదటి కన్నుకి ఆపరేషను. దీపిక పురుడయ్యాక చేయించుకుంటానన్నాను. మీ బావ ఒప్పుకోలేదు. "పురిటికెల్లి బిడ్డని ఎత్తుకుంతావు గదా. ఎవల పోలికో సూడొద్దేటి?" అన్నారు. సరేనన్నాను.

నువ్వు బయలుదేరి రావద్దు. దీపికని వదలవద్దు. నా కంట్లో మందు చుక్కలు వెయ్యడానికి కూర్మమ్మ ఇప్పటినుంచే సిద్ధంగా ఉంది. సీమంతానికి నేను రాలేను, మాఘంలో పురిటికి మాత్రం వస్తాను. దేవుడి మీద నాకేమీ కినుక లేదు. వలయం పోతుంది, దీపం ఉంటుంది. ఈ నాలుగు రోజులూ ఆ వలయాన్ని చూస్తూనే దండం పెట్టుకుంటున్నాను.

ఈ మూట మన కొట్లో పనిచేసే జోగయ్య కొత్తవలసలో రైలెక్కి తెస్తాడు. వాడికి భోజనం పెట్టి పంపు. మూటలో బొంత, నైటీలు, దిండూ ఉన్నాయి. నా పొందూరు చీర కూడా పెట్టాను. తెల్లగానే ఉంది. నాన్న తెచ్చిన జతలో రెండోది. కట్టుకుంటావో, నువ్వే పసుపులో ముంచుకుంటావో, పక్కన పెట్టేస్తావో నీ ఇష్టం. అమ్మదని మాత్రం నేను చెప్పలేను.

నీకు కోపం వస్తుంది. రావాలి. లోపల పెట్టుకోకుండా రాయి. ఏడుపొస్తే దీపిక చూడకుండా ఏడు.

నాలుగో మూల తెరిచే ఉంది. ఎప్పుడూ రెండు వేళ్ళ సందు వదులుతాం. ఈసారి నీ చెయ్యి పట్టేంత వదిలాను. కుట్టబోయే ముందు లోపలికి చెయ్యి పెట్టు. పైనున్న నీ చీర జారుగా ఉంటుంది. దాని కింద వేళ్ళకి కొంచెం గరుకుగా తగిలేది అమ్మ చీర. ఎంతసేపు ఉంచుకోవాలనిపిస్తే అంతసేపు ఉంచుకో. ఆ తర్వాతే మూల మూసెయ్యి. బిడ్డ రాత్రీ పగలూ దాని మీదే పడుకుంటుంది.

సూది ఆ మూలలోనే గుచ్చి ఉంది, చెయ్యి పెట్టేటప్పుడు జాగ్రత్త. దానికి మాత్రం కూర్మమ్మని దారం ఎక్కించనివ్వలేదు. నేనే ఎక్కించాను.

ఇట్లు,
మీ అందరి మేలు కోరే
పెద్దక్క.