నిండిన గడి, ఖాళీ గడి

పటాల విభాగం, పాత భవనం
మూడో తేదీ

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, ఉద్యోగాలు తప్ప.

కొత్త భవనంలో మెయిల్ మరమ్మతు విభాగానికి పెద్దదానివి నువ్వే కాబట్టి ఈ ఫిర్యాదు నీకే రాస్తున్నాను. మెయిల్ బాగాలేదని మెయిల్లోనే రాయడం నాకు సబబుగా తోచలేదు. అందుకని రెండు భవనాల మధ్య తిరిగే తపాలా సంచిలో వేస్తున్నాను.

మన రెండు కంపెనీలు కలిసి మూడు నెలలయింది. మనుషులు కలిశారు గానీ మెయిళ్లు కలవలేదు. మీది మీకే, మాది మాకే. మీ డైరెక్టరుగారు ఈ నెలాఖరుకి ఏ విభాగం ఉంచాలో, ఏది మూసేయాలో తేల్చేస్తారట. మమ్మల్ని మూసేస్తే ఆరుగురం ఇళ్లకే. ఈలోగా ఒక్కసారి మాతో కూర్చుని మాట్లాడతానన్నారు. సంతోషం. కానీ మా క్యాలెండర్ చూసి ఆయన పెట్టే సమావేశం ప్రతిసారీ మేం లేని వేళలోనే పడుతోంది.

మంగళవారం పదింటికి పెట్టారు. మంగళవారం పదింటికి మేం ఆరుగురం కింద అచ్చుగదిలో మేం గీసిన మ్యాపుల రంగులు సరిచూస్తాం, ఇరవయ్యేళ్లుగా అంతే. ఆయన మెట్లెక్కి వచ్చి, ఆరు ఖాళీ కుర్చీల్ని చూసి వెళ్లారు. గురువారం సరిగ్గా భోజనాల వేళకి పెట్టారు. మళ్లీ అవే కుర్చీలు. ఆహ్వానాలు ఏ రోజువి ఆ రోజు పొద్దున్నే వచ్చాయట. మేం మెయిల్ చూసేది రోజుకోసారి, సాయంత్రం అయిదింటికి.

క్యాలెండర్లో మా వేళలన్నీ విభాగానికి పెద్దగా నేనే దగ్గరుండి నింపించాను. పొరపాటు మా వైపు లేదు. నెలాఖరులోపు బాగుచేయి తల్లీ.

ఇట్లు,
నీ మేనమామ

తా.క. : నువ్వు ఫోన్ ఎత్తడం లేదని మీ అమ్మ బాధపడుతోంది. అది కూడా ఈ మెయిల్ జబ్బేనా?

*

మెయిల్ మరమ్మతు విభాగం, కొత్త భవనం
అయిదో తేదీ

మామయ్యకి మేనకోడలి నమస్కారాలు.

నీ ఫిర్యాదు అందింది. ఇరవై మూడో నంబరు వేశాను. ఇది మా విభాగానికి చేత్తో రాసి వచ్చిన మొదటి ఫిర్యాదు. మా ఇద్దరు కుర్రాళ్లు వచ్చి చూసిపోయారు.

సంగతి చెబుతాను. మీ మెయిల్‌కీ మా మెయిల్‌కీ మధ్య ఒక వంతెన ఉంది. పావుగంటకోసారి అటు క్యాలెండర్ ఇటూ, ఇటు క్యాలెండర్ అటూ మోస్తుంది. మోసేది కూడా అంతా కాదు. గడి నిండిందా, ఖాళీగా ఉందా, అంతే. ఆ గడిలో ఏం రాసుకున్నారో అవతలివాళ్లకి కనపడదు. ఒకరి సంగతులు ఒకరికి ఎందుకని అలా పెట్టారు.

వంతెన చూశాను, బాగానే నడుస్తోంది. బహుశా మీ కంప్యూటర్లలో గడియారం తప్పుగా ఉండాలి. గంట తేడా ఉన్నా ఇలాగే అవుతుంది. ఆరింటినీ చూసి చెప్పు.

ఉంటాను,
నీ మేనకోడలు

తా.క. : అమ్మ ఫోన్ ఎత్తకపోవడం జబ్బు కాదు, జాగ్రత్త. ఈ మాట ఆవిడకి చేరవేయకు.

*

పాత భవనం
తొమ్మిదో తేదీ

చిరంజీవికి ఆశీస్సులు.

గడియారాలు చూశాం. ఆరూ ఒకటే మాట మీద ఉన్నాయి. గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది గానీ అది కంపెనీలు కలవకముందు నుంచీ ఉంది, దాన్ని ఇందులోకి లాగకు.

జబ్బు ముదిరింది. డైరెక్టరుగారికి మేం దొరకడం లేదు కదా, మేమే వెళ్లి దొరుకుదామనుకున్నాం. ఆయన క్యాలెండర్ తెరిచి, ఖాయంగా దొరికే వేళ చూసుకుని, బుధవారం పదకొండింటికి ఆరుగురం పటాల చుట్టలు చంకన పెట్టుకుని మీ భవనానికి వచ్చాం. మర్యాదగా తలుపు తట్టి లోపలికెళ్లాం. గదినిండా బయటి కంపెనీవాళ్లు, పద్నాలుగు మంది. దీపాలు ఆర్పి తెర మీద ఏవో లెక్కల బొమ్మలు చూపిస్తున్నారు. చెరువులాయన తెలుసుగా, మా దగ్గర నీళ్లు తప్ప మరేదీ గీయని మనిషి. ఆ మసకలో తిన్నగా నడిచి తెర ముందు తన పటం విప్పి నిలబడ్డాడు. ఇదీ కార్యక్రమంలో భాగమేననుకుని వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

డైరెక్టరుగారు కొట్టలేదు. "మీరెవరు?" అని మాత్రం అడిగారు. అడిగిన తీరు నాకు నచ్చలేదు.

వేళ చూసుకుని వెళ్లిన మేం వెర్రివాళ్లమయ్యాం. మీ వంతెన అబద్ధాలు మోస్తోంది. గట్టిగా చూడు.

ఇట్లు,
నీ మేనమామ

తా.క. : చెరువులాయన ఇంకా ఆ చప్పట్లలోనే ఉన్నాడు. పని ముట్టుకోవడం లేదు.

*

కొత్త భవనం
పదమూడో తేదీ

మామయ్యకి నమస్కారాలు.

నన్ను పైకి పిలిపించారు. నిలబెట్టే మాట్లాడారు. మీరు ఆరుగురూ నాకేమవుతారని అడిగితే, ఒక్కరే అవుతారు, మిగతా అయిదుగురు ఆయన వెంట వచ్చినవాళ్లని చెప్పాను.

వంతెన మొత్తం విప్పి మళ్లీ కట్టాను. ఈ పని తెమిలేదాకా ఇంకేదీ పెట్టుకోకూడదని, మా ముగ్గురి క్యాలెండర్లలో ఉన్న పనులన్నీ వేరేవాళ్లకి అప్పగించి పదిహేను రోజులు తుడిచేశాను. నా వైపు ఒక గడి నింపి మీ వైపు చూశాను, నిండింది. తీసేశాను, పోయింది. పదకొండుసార్లు చేశాను. ఇందులో తప్పు నాకు దొరకడం లేదని ఒప్పుకోవడానికి ఒళ్లు మండుతోంది.

ఇక ఒకటే దారి. నీ వారం మొత్తం, నీ క్యాలెండర్లో ఎలా ఉందో అలాగే, ఒక్క ముక్క మార్చకుండా కాగితం మీద దించి పంపు. ఇక్కడ కనిపించేదాంతో పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఉంటాను,
నీ మేనకోడలు

తా.క. : తుడిచేసిన పనుల్లో నా పళ్ల డాక్టరు కూడా ఉన్నాడు. ఆ నెప్పి నీ ఖాతాలో రాసుకుంటున్నాను.

*

పాత భవనం
పందొమ్మిదో తేదీ

చిరంజీవికి ఆశీస్సులు.

అడిగినట్టే దించాను. "సోమవారం: తొమ్మిది నుంచి ఒంటిగంట, రెండు నుంచి అయిదు, ఉంటాను. మంగళవారం: తొమ్మిది నుంచి పది, రెండు నుంచి అయిదు, ఉంటాను. బుధవారం: సోమవారం లాగే, ఉంటాను." మిగతాది వెనక పేజీలో ఉంది.

ఇందులో తికమకేముంది? ఈ భవనంలో ప్రతి గది తలుపుకీ ఒక పలక ఉండేది. లోపలి మనిషి ఏ వేళల్లో దొరుకుతాడో దాని మీద సుద్దతో రాసేవాళ్లం. వచ్చేవాళ్లు చూసుకుని ఆ వేళకి వచ్చేవారు. ఒక్కనాడు ఎవరూ ఖాళీ కుర్చీ చూడలేదు. క్యాలెండర్ ఇచ్చినప్పుడు ఆ పలకల్ని దించేసి, వాటి మీద ఉన్నది ఉన్నట్టు ఇందులోకి ఎక్కించాం. ఆరుగురం ఒక పూటలో ముగించాం. మాకంటే శుభ్రంగా క్యాలెండర్ నింపినవాళ్లు మీ భవనంలో కూడా ఉండరు.

ఇట్లు,
నీ మేనమామ

తా.క. : లవంగం నోట్లో పెట్టుకో.

*

కొత్త భవనం
ఇరవై రెండో తేదీ

మామయ్యా,

నమస్కారాలు తర్వాత.

క్యాలెండర్లో రాసేది మనిషి దొరికే వేళ కాదు. దొరకని వేళ. పని ఉంటే నింపాలి, తీరికైతే ఖాళీగా వదలాలి. లోకమంతా అలాగే వాడుతుంది, మీ మెట్ల మీది ఆరు గదులు తప్ప.

వంతెన ఒక్క అబద్ధం కూడా మోయలేదు. మీరు తీరిగ్గా కూర్చున్న వేళంతా ఆయనకి మీరు పనిలో మునిగినట్టు కనిపించింది. మీరు అచ్చుగదిలో ఉన్నప్పుడు ఊరికే కూర్చున్నట్టు కనిపించింది. అందుకే పాపం వెతికి వెతికి ఆ వేళకే వచ్చారు. ఆయన క్యాలెండర్లో నిండిన గడి చూసి మీరు వెళ్లి పద్నాలుగు మంది మధ్యలో పడ్డారు.

అంతా చెరిపేయండి. అచ్చుగది, పటాల తనిఖీ, నిజంగా చేసే పని ఏదుంటే అది మాత్రం రాయండి.

నీ మేనకోడలు

తా.క. : ఊరికే విప్పి కట్టిన ఆ వంతెనకి ఇవాళ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. నీకు చెప్పను.

*

పాత భవనం
ఇరవై ఆరో తేదీ

చిరంజీవికి ఆశీస్సులు.

చెరిపేశాం. నిజం రాశాం. రాశాక ఎవరం ఎవరి ముఖమూ చూడలేదు.

చెరువులాయనకి వారానికి ఆరు గంటలు. పటాలకి రంగులు వేసే మా రంగులమ్మకి తొమ్మిది, అది కూడా అచ్చుగదిలో ఆవిడ పోట్లాడే సమయం కలుపుకుని. నాకు మంగళవారం అచ్చుగది, శుక్రవారం తనిఖీ, మధ్యలో నీకు ఉత్తరాలు. మా పని తక్కువే. మేం తప్ప చేయగలిగినవాళ్లు లేరన్నది కూడా నిజమే, కానీ అది రాయడానికి క్యాలెండర్లో గడి లేదు. తెల్లగా ఉన్న ఆ వారం చూస్తే నాకు భయమేసింది.

మళ్లీ పాతవే పెట్టేద్దామంది రంగులమ్మ. నాకు మనసొప్పలేదు. డైరెక్టరుగారికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. మా గడులు నిండుగా కనిపించినన్నాళ్లూ మేం తీరిగ్గా ఉన్నామనీ, తప్పు యంత్రానిది కాదనీ, మా అమ్మాయిది అంతకన్నా కాదనీ. రంగులమ్మ నాతో మాట్లాడడం లేదు.

ఇట్లు,
నీ మేనమామ

తా.క. : ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు సంచిలోంచి వెనక్కి తీశాను. అయిదోసారి వెళ్లేసరికి సంచీ బయల్దేరిపోయింది.

*

కొత్త భవనం
ముప్ఫయ్యో తేదీ

మామయ్యకి మేనకోడలి నమస్కారాలు. ఇది తీరిగ్గా కూర్చుని చదువు.

ఉత్తర్వు వచ్చింది. డైరెక్టరుగారు ఇరవయ్యో తేదీనే అన్ని విభాగాల క్యాలెండర్లూ అచ్చు తీయించుకుని, వాటిని బట్టి తేల్చేశారట. మీ ముక్క ఇది: "పటాల విభాగం. రెండు భవనాల్లోకీ ఎక్కువ పని ఒత్తిడి ఉన్నది ఇక్కడే. వారంలో ఖాళీ గడులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా ఆరుగురూ వీలు చేసుకుని స్వయంగా వచ్చి కలిశారు. విభాగాన్ని కొనసాగిస్తూ, మరో ముగ్గురిని ఇవ్వాలి."

ఆ ముగ్గురూ ఎవరో కింద ఉంది: "మెయిల్ మరమ్మతు విభాగం. క్యాలెండర్లో పదిహేను రోజుల పాటు ఒక్క పనీ లేదు. మూసివేసి, ఉన్నవారిని పటాల విభాగానికి పంపాలి."

నీ ఉత్తరం ఆయన చదివారో లేదో తెలియదు. పైన "క్యాలెండర్ సమస్య. తగు చర్యకు మెయిల్ మరమ్మతు విభాగానికి" అని రాసి సంతకం చేశారు. అంటే తిరిగి నా బల్ల మీదకే వచ్చింది.

దీన్ని మళ్లీ పైకి పంపి చదివిస్తే, క్యాలెండర్లని నమ్మి తేల్చింది తప్పని తెలిసి మా విభాగం నిలుస్తుంది, మీ ఆరుగురూ ఇళ్లకి వెళ్తారు. పంపకపోతే మేం ముగ్గురం మీ గదుల్లో కూర్చుంటాం. మాకు ఉద్యోగం పోదు, వంతెన మాత్రం పోతుంది. నిన్న మధ్యాహ్నం దాకా నాకు చాలా కోపంగా ఉంది. ఏడిచాను కూడా. తర్వాత రూలు పుస్తకం తీశాను. పైకి వెళ్లే ఏ కాగితం మీదైనా విభాగం పెద్ద సంతకం ఉండాలి. ఉత్తర్వు ఇవాళ్టి నుంచే అమలు. కాబట్టి నా విభాగానికి పెద్ద ఇప్పుడు నువ్వు.

నీ ఉత్తరాన్ని నీ సంతకం కోసం నీకే పంపుతున్నాను. పెట్టినా, పెట్టకపోయినా నేనేమీ అనను.

ఉంటాను,
నీ కింది ఉద్యోగి

తా.క. : సోమవారం నుంచి నిన్ను 'మీరు' అనాలి, 'సార్' అనాలి. అందుకని ఇవాళే చెప్పేస్తున్నాను, నువ్వు ఉత్త మొండివాడివి మామయ్యా. ఇంకో మాట. ఇందులో పెట్టిన ఆ కాగితానికి నేను నకలు తీయలేదు. ఎందుకు తీయలేదని అడగకు.