మేకుకు వేలాడే గిన్నె

ప్రియమైన దియెజుస్త్‌కి,

ఎలియాన్ రాసేది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. అలా మొదలుపెట్టకపోతే నువ్వు కంగారుపడతావని రాశాను, కానీ చివరిదాకా చదువు. చెరకు కొడుతుంటే కత్తి తగిలిందని రాశావు, ఆ గాయం మానిందా? సరిహద్దు అవతల నీకు కట్టు కట్టేవాళ్లు కూడా లేరని రోజూ అనుకుంటాను.

నువ్వడిగినవాటికి జవాబులు. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది, నోరు మాత్రం బాగా పనిచేస్తోంది. మేకను అమ్మలేదు, అదే చచ్చిపోయింది. కందులు పూత మీదుండగా వాన ముఖం చాటేసింది. బడి వంటపాక మీది రేకు గాలికి లేచిపోతే ఓస్నెల్ పంతులే ఎక్కి తాడుతో కట్టాడు.

సంఘం ఎలా నడుస్తోందని అడిగావు. సంఘమంటే ఆ పంతులూ, దూరం నుంచి బియ్యం పంపే నలుగురు దయగలవాళ్లూ, బడి పిల్లలకి వండి పెడుతూ గరిటె పట్టుకునే నేనూ, అంతేగా. కూడలిలో తుపాకులవాళ్లు దారి మూసేశాక బియ్యం బండి రాలేదు. పెద్ద డేగిసా బోర్లించేశాను. పిల్లలు ఒక్కొక్కరే బడి మానేశారు. సంఘం పెట్టిన షరతు ఒక్కటే, పిల్లల్ని పట్నంలో ఎవరింటికీ పనికి పంపకూడదని. తల్లులందరి చేతా ఆ ఒట్టు వేయించింది నేనే. పక్కింటి జెర్మేన్ కొడుకుని పట్నం పంపడానికి వాడి బట్టలు మూటగడుతోందని తెలిసి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"చదివిస్తామంటారు, బకెట్లు మోయిస్తారు. బుద్ధుందా నీకు?" అన్నాను.

"నీకేం తల్లీ, గరిటె నీ చేతిలో ఉంది."

"ఉత్త గరిటె నాక్కుంటూ బతుకుతున్నామనుకున్నావా? నా పిల్లా పస్తే. కాస్త ఆగవే, బండి వస్తుంది."

లోపల ఎంత తిట్టుకుందో గానీ, మూట విప్పేసింది.

నువ్వడిగింది ఇంకొకటి మిగిలింది. మన మిర్లాండ్ బడిలో రెండో పుస్తకం మొదలుపెట్టిందా అని. దానికి జవాబు రాయలేకే కాగితం ఇంతదాకా నింపుకుంటూ వచ్చాను.

మిర్లాండ్ ఇక్కడ లేదు. బండి రాని ఆ రోజుల్లో ఊట నుంచి నీళ్లు మోసుకొస్తూ కళ్లు తిరిగి పడిపోయింది. మన చిన్నవాడు ఆకలికి ఏడవడం కూడా మానేశాడు. అప్పుడే సంతలో లూసియాన్ అనే పట్నం ఆవిడ కనిపించి, "తొమ్మిదేళ్ల పిల్లా? నా కూతురిలా చూసుకుంటా, బడికి పంపుతా" అంది. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు. నమ్మొద్దని ఊరందరికీ చెప్పిందాన్ని. నమ్మాను దియెజుస్త్. నీకు కబురు పంపే ఓపిక కూడా లేకపోయింది. పిల్ల వెళ్లేముందు తన గిన్నె కడిగి వంటపాకలో మేకుకు తగిలించింది. "బండి వస్తే కబురు చెయ్యమ్మా, వచ్చేస్తాను" అంది.

ఆ వారం తిరక్కుండానే బండి వచ్చింది. వండాను. వరసలో అందరికన్నా ముందు జెర్మేన్ కొడుకే నిలబడ్డాడు. "మీ పిల్లేది ఎలియాన్?" అని జెర్మేన్ అడిగితే జ్వరమన్నాను. ఆమె పాపం సాయంత్రం ఆకు కషాయం కాచి పంపింది.

మర్నాడే పట్నం వెళ్లాను. బడి వేళకి మన పిల్ల ఆ ఇంటి వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. నన్ను చూసి లేవబోయి, లేవనా అన్నట్టు ముందు ఆవిడ వైపు చూసింది. నా ప్రాణం అక్కడే పోయింది. తీసుకుపోతానంటే ఆవిడ తమ్ముళ్లు ఇద్దరూ గేటుకి అడ్డంగా నిలబడ్డారు.

"పస్తులున్నప్పుడు ఇచ్చి, కడుపు నిండగానే పట్టుకుపోతావా? ఆటలా ఉందా నీకు? నీ మొగుణ్ణి రమ్మను, అతనితో మాట్లాడతాను" అనేసి ఆవిడ లోపలికి పోయింది.

అప్పుడు పిల్ల నా దగ్గరకొచ్చి మెల్లిగా అడిగింది, "బండి వచ్చిందా అమ్మా?" అని.

రాలేదన్నాను. వచ్చిందని చెప్పి, దాన్ని అక్కడే వదిలి ఎలా రాను?

"అయితే ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంటాలే" అని నా చెయ్యి నిమిరి, మళ్లీ బట్టల ముందు కూర్చుంది.

చెరకు వదిలేసి రా. నన్ను అనాల్సినవన్నీ తర్వాత అందువుగాని, ముందు ఆ వాకిట్లో నీ గొంతు వినపడాలి. నావల్ల కాలేదు. ఇక్కడ రోజూ వండుతున్నాను, మేకు వైపు చూడకుండా వడ్డిస్తున్నాను.

ఇట్లు,
ఆ పేరుకి ఇంకా తగుదునో లేదో తెలియని
మిర్లాండ్ అమ్మ