వెనక తలుపు గొలుసు

బుడాపెస్ట్, మంగళవారం

బోగ్నా అక్కా,

నిప్పంటుకుంటే మేం బయటపడాల్సిన తలుపుకి గొలుసు చుట్టి తాళం వేశాడు దెజో. మంచం లెక్కన అద్దెకిచ్చే ఈ హాస్టల్ యజమాని అతనే. క్షేమం అడక్కముందే ఈ మాట రాసినందుకు తిట్టుకోకు. నా ఒంటికేమీ కాలేదు. అక్కడ పోలండ్‌లో, మన ఊరు వూచ్‌లో నువ్వూ, అమ్మా, అమ్మ మోకాలూ కుదురుగానే ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం ఇక్కడి తపాలా ఆఫీసులో నాకోసం కాచుకుని ఉంది. తిండి గురించి అడిగావు. పొద్దున రొట్టె మీద పందికొవ్వూ ఉల్లిముక్కలూ, సాయంత్రం పాస్తా. మళ్లీ మర్నాడు అదే. వియన్నాలో స్టేషన్ బెంచీ మీంచి పోలీసులు లేపేశారు. నెలరోజుల పాసు ఉన్నవాడికి రైలే పడకగది అని ఆనాడే తెలిసింది. "సంచిలో బట్టలున్నాయా, అన్నీ కరపత్రాలేనా?" అని వెక్కిరించావు కదా, రెండూ ఉన్నాయి. ప్రాగ్ వానలో బట్టలు తడిశాయి, కరపత్రాలు తడవలేదు. నువ్వు అల్లిచ్చిన ఊలు మేజోళ్ల సంగతి తరవాత రాస్తాను.

పోయిన ఉత్తరంలో "చవక, శుభ్రం, శనివారం బండి దిగి నేరుగా ఇక్కడికే వచ్చెయ్" అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇది పాత ఇంటి నాలుగో అంతస్తు. ముందు గుమ్మం దాటగానే మంచాల గది, అది దాటితే వంటిల్లు. వంటింట్లోంచి కింద, ఇంటి నడిమి వాకిట్లోకి వెనక మెట్లున్నాయి. వీపున సంచి వేసుకుని ఊళ్లు తిరిగే మా జాతి సంగతి నీకు తెలియంది కాదు, ఒకడు మంచం తీసుకుంటాడు, వాడి స్నేహితుడు వెనక మెట్లెక్కి వచ్చి నేలమీద పడుకుంటాడు. అది కనిపెట్టి దెజో గొలుసు తెచ్చాడు. నేను ఊరుకోలేదు.

"దెజో బాబాయ్, నిప్పంటుకుంటే?"

"అంటుకోదు."

"అంటుకుంటే?"

"మంచాలు కొన్నవాణ్ణి నేను. ఏడిస్తే నేనేడుస్తా. ఒకడు కడతాడు, ముగ్గురు పడుకుంటారు, నేనేమన్నా సత్రం పెట్టానా? పోయి నీ కాగితాలు చదువుకో, నాయనా."

మొన్న ఆదివారం అంటుకుంది. సాయంత్రం కుండపోత వాన. ఊరు తిరిగొచ్చిన వాళ్లంతా తడిసి ముద్దై వంటింట్లో చేరారు. నేను స్టూలెక్కి అద్దెకున్నవాళ్ల హక్కుల గురించి మాట్లాడుతున్నాను, నా సంగతి నీకు తెలుసుగా. పొయ్యి దగ్గరున్న ఫెర్గల్ అనే ఐర్లండ్ కుర్రాడు "ఒరేయ్ విటెక్, నీ ఉపన్యాసం మాడిపోతున్న వాసనొస్తోంది రా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే మంచాల గదిలోంచి పొగ వచ్చింది.

ముందు గుమ్మానికి ఆ గదిలోంచే పోవాలి. అందరం వెనక తలుపు మీద పడ్డాం. గొలుసు. అందరికన్నా ముందు దాన్ని పట్టుకు లాగింది నేనే అక్కా. నా అరుపు నాకే జంతువు అరుపులా వినిపించింది. వెనకనుంచి తోస్తున్నారు, ముఖం తలుపుకి నొక్కుకుపోయి ఊపిరి ఆడలేదు. ఫెర్గల్ మాత్రం ముక్కుకి గుడ్డ కట్టుకుని, మరుగుతున్న పాస్తా గిన్నె రెండు చేతులా ఎత్తుకుని పొగలోకి నడిచాడు. పరుపు మీద కుమ్మరించాడు. మంట చచ్చింది. "రాత్రి భోజనం పరుపు మీద వడ్డించాను, రండి" అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

పరుపు పక్కన దీపం, దీపం మీద ఆరేసిన మేజోళ్ల బూడిద. దెజో వచ్చి దాన్ని కాలితో కెలికాడు. "గొలుసు కాల్చిందా? మేజోళ్లు కాల్చాయి! ఎవడివో చెప్పండి, ఇప్పుడే గెంటేస్తా."

ఆ గొలుసు ఇంకా అక్కడే ఉంది.

అందరం కలిసి నిలబడదాం అన్నాను. ఫెర్గల్‌కి వెనిస్ బండి ఉంది, ఇంకొకరికి ఇంకో బండి. "నువ్వు పిలిచేది రేపు వెళ్లిపోయేవాళ్లని, పిచ్చోడా" అంది నెకానె. స్పెయిన్ బాస్క్ సీమ పిల్ల, నీలాగే నోరు జాస్తి. "మనం రేపుండం. దెజోకి అది తెలుసు. అందుకే ధైర్యం."

వంటింట్లో ఒక అర ఉంది, వెళ్లేవాళ్లు మిగిలిన ఉప్పు, నూనె, పాస్తా వచ్చేవాళ్ల కోసం దాన్లో వదిలి వెళతారు. నెకానె దానివైపే చూసి, "ఉప్పు వదిలేసి పోతాం కదా, మాట కూడా వదిలేసి పోదాం" అంది. పాస్తా పొట్లం మీద గొలుసు సంగతీ, దాన్ని తీయించడానికి అందరూ చేరాల్సింది శనివారం అనీ, వేళా, చోటూ రాసింది. ఫెర్గల్ నూనె సీసా మీద రాశాడు. వాళ్లు నిన్న వెళ్లిపోయారు. రాత్రి కొత్తగా వచ్చిన ఇద్దరు ఆ పొట్లం తిప్పి తిప్పి చదువుతుంటే చూశాను. చదివాక వండుకు తిన్నారు.

ఇక దాచి లాభం లేదు. ఆ మేజోళ్లు నువ్వు అల్లినవే. "తడికాళ్లతో పడుకోకు" అని రాశావుగా, ఉతికి దీపం మీద ఆరేశాను. దెజో అడిగినప్పుడు నావేనని ఒప్పుకోలేదు. ఇప్పుడు ఎవరు అగ్గిపుల్ల గీసినా ఉలిక్కిపడుతున్నాను. మంచం గుమ్మం పక్కకి మార్చుకున్నాను, దానికీ సిగ్గుగానే ఉంది. శనివారం ఎవరూ రారేమోనని భయం. వస్తే వాళ్లతో మొదట చెప్పాల్సింది మేజోళ్ల మాటేనని అంతకన్నా భయం. చెప్తాను. తప్పు నాది, గొలుసు అతనిది. నా తప్పు వెనక అతని గొలుసు దాక్కోకూడదు. అన్నిటికన్నా భయం, ఈ ఉత్తరం అందకముందే నువ్వు బయల్దేరి, అలసిపోయి ఆ గదిలో నిద్రపోతావేమోనని.

అందితే, స్టేషన్ నుంచి తిన్నగా రా కానీ మెట్లెక్కకు. సంచి వీపు మీంచి దించకు. నువ్వొక్కదానివి వచ్చినా ఇద్దరమవుతాం. గొలుసు తీసేదాకా ఎవరం పైకి వెళ్లం. శనివారం సాయంత్రం ఆరు గంటలకు, ఇంటి నడిమి వాకిట్లో.

ఇట్లు,
మేజోళ్లు లేక వట్టి కాళ్లకే బూట్లు తొడుక్కుని పడుకుంటున్న
నీ తమ్ముడు విటెక్