నొయ్ అక్క పంపిన పైనాపిల్ ముక్కలు

శుక్రవారం రాత్రి

ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

మా కిచెన్‌లో నాతోపాటు పనిచేసే థాయ్ మనిషి నొయ్ అక్క, మా లేబర్ క్యాంప్ భజన కోసమని పొద్దున తమ దేశపు పలహారం చేసింది. మాంసం బదులు పుట్టగొడుగులు, చేపసాసు బదులు ఉప్పు. నేను ఇన్నేళ్లూ చెత్తలో పారేసిన కొత్తిమీర వేళ్లనే మిరియాలతో దంచింది. తాటిబెల్లం, పల్లీలు వేసి ముద్దయ్యేదాకా కలియబెట్టింది నేనే. పైనాపిల్ ముక్కకో ఉండ చొప్పున ఆమె పేర్చింది.

సాయంత్రం భజన చేయించడానికి కూర్చుని గదిలో డబ్బా తెరిస్తే ఒక్కడూ చేయి చాపలేదు.

"వాళ్లు అన్నీ తింటరు స్వామీ. ఆ చేతులతోని చేసింది మాకద్దు," అన్నాడు తాళాలు వాయించే రాజేశం.

"భక్తితో ఇచ్చిన పండును దేవుడే కాదనడు, నువ్వెవడివిరా!" శ్లోకాల పుస్తకం ఎత్తిపట్టి గది అదిరేలా అరిచాను.

"మరి మీరు తిన్నరా?"

"నాకియ్యాల ఒక్కపొద్దు."

"పగటీలి నా పక్కనే కూసోని బువ్వ తింటిరి గద!"

గదంతా ఒకటే నవ్వు. డబ్బా తీసుకుని బయటికి వచ్చేశాను.

ఇంతసేపూ రాజేశాన్నే తిట్టుకుంటున్నాను. కానీ పొద్దున రుచి చూడమని ఆమె చెంచా చాపినప్పుడూ ఒక్కపొద్దనే చెప్పాను. అక్కడ రాజేశం లేడే! సరేనని నవ్వి, నా వాటా కూడా డబ్బాలోనే సర్దింది.

రేపు డ్యూటీలో ఎలా ఉందని అడుగుతుంది. డబ్బా మూత తీసి ఎదురుగా పెట్టుకున్నాను. పెన్ను పట్టిన ఈ చేయి దాని మీదికి పోవడం లేదు, ఛీ.